మా గల్లీ మైకు చాచా

మైకు చాచా పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కోరుట్ల నుంచి జగిత్యాల వచ్చే బస్సులో ఉన్నాను. కిటికీ పక్క సీటు. రోడ్డు అంచు వెంట వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి మీద సాయంత్రపు ఎండ పసుపుపచ్చగా పడుకుని ఉంది.

"చాచా పోయిండు బిడ్డా" అంది అమ్మ. "బువ్వ తిని జరసేపు ఒరుగుతనన్నడట. చాచీ చాయ చేసి లేపవోతే లేవలేదట."

అమ్మ ఈ మాటలు చాలా మెల్లగా చెప్పింది. ముప్పై ఏళ్లు ఊరందరికీ వార్తలు గట్టిగా చెప్పిన మనిషి వార్త అంత మెల్లగా రావడం నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. ఇంకోసారి కూడా అంతే మెల్లగా చెప్పింది.

పక్క సీట్లో కూర్చున్న పెద్దమ్మ నా మొహం చూసి, "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగింది.

"మా చాచా."

ఆమె నా నుదుటి బొట్టు వైపు చూసింది. "చాచానా?"

"ఆ. చాచానే."

ఆమె సంచిలోంచి నీళ్ల సీసా తీసి నా చేతిలో పెట్టింది.

మీది జగిత్యాల అయితే ఆయన్ని మీరు చూసి ఉండకపోవచ్చు, కానీ వినే ఉంటారు. ఆటో మీద రెండు హారన్లు, డ్రైవర్ పక్కన సీటు అంచు మీద సగం కూర్చున్న సన్నటి మనిషి, నోటికి ఆనించిన మైకు. నల్లా నీళ్లు రెండు రోజులు రావని, పిల్లలకు పోలియో చుక్కలు వేయించమని, బట్టల దుకాణంలో తగ్గింపు అని, ఫలానా ఇంటి పెద్దమనిషి కాలం చేశాడని, ఫలానా గుర్తుకే ఓటెయ్యమని చెప్పింది ఆయనే. ఊరు తనతో తాను మాట్లాడుకోవడానికి ఒక గొంతు కావాలి కదా. మా ఊరికి ఆ గొంతు మా పక్కింట్లో ఉండేది.

ఇంట్లో మాత్రం ఆయన చాలా తక్కువ స్వరంతో మాట్లాడేవాడు. గోడకు అటువైపు చాచీతో ఉర్దూలో ఏదో అంటుంటే, ఎవరో దూరంగా బియ్యం చెరుగుతున్నట్టు వినిపించేది.

ఆయన పుట్టింది సిరిసిల్లలో. వాళ్ల నాన్న సాంచాలు బాగుచేసేవాడట. సాంచాలంటే మరమగ్గాలు. ఇంటికి అటూ ఇటూ అవే, పగలూ రాత్రీ అవే. "మా ఇంట్ల ఉప్పు గావాలన్న ఒర్లాలె, ఆకలైతుందన్న ఒర్లాలె. గట్ల పెద్దగైంది బిడ్డా గీ గొంతు" అని చెప్పేవాడు. పెళ్లయ్యాక జగిత్యాల వచ్చాడు. "ఈడికి అచ్చినంక చెవులు ఖాళీ అయినయి. గా ఖాళీల నా గొంతు నాకు మొదటిసారి ఇనవడ్డది. నాకే భయమైంది" అనేవాడు.

నేను ఆయనకు పనికొచ్చింది ఎనిమిదో తరగతిలో. ఆయన చదువు ఉర్దూ మీడియంలో సాగింది, అదీ కొంతకాలమే. తెలుగు మాట్లాడేవాడు, మాట్లాడి ఊరిని లేపేవాడు, కానీ తెలుగు అక్షరాలు చదవడం దుకాణాల బోర్డుల వరకే. అప్పటిదాకా కాగితాలు చదివి వినిపించిన స్నేహితుడు ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్లిపోయాడు. ఒక సాయంత్రం నేను మేడ మీద పిట్టగోడకు ఆనుకుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటుంటే, అటువైపు నుంచి ఒక కరపత్రం పట్టుకున్న చెయ్యి కనబడింది.

"బిడ్డా, జర గిది సదివి పెడ్తవా? మెల్లగ సదువు."

నేను చదివాను. ఆయన గోడ మీద నోటు పుస్తకం పెట్టుకుని రాసుకున్నాడు. వంగి చూస్తే ఉర్దూ అక్షరాలు. నేను చదువుతున్న తెలుగు మాటలే, ఆయన చేతికింద కుడి నుంచి ఎడమకు నడుస్తున్నాయి. మా భాష ఇంటి వెనక తలుపులోంచి బయటికి వెళ్తున్నట్టు అనిపించింది. మర్నాడు పొద్దున స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటే, అవే మాటలు ఆటో మీద ఊరేగుతూ నా ముందు నుంచి పోయాయి. చాచా నన్ను చూశాడు, కానీ పలకరించలేదు. మైకు ఉన్నప్పుడు ఎవరినీ పలకరించేవాడు కాదు. మైకు అందరిదీ, అందులో ఒక్కరితోనే ముచ్చట పెట్టకూడదనేవాడు.

కొన్నాళ్లకు చదవడం పోయి రాయడం వచ్చింది. దుకాణాలవాళ్లు విషయం చెప్పేవారు, మాటలు మేమే చూసుకోవాలి. నేను కాన్వెంట్ పిల్లని. సిస్టర్లు నేర్పిన వ్యాసాల పద్ధతిలో, "ప్రజలందరికీ విజ్ఞప్తి" అని మొదలుపెట్టాను.

"విజ్ఞప్తి అంటే ఎవలు బయటికొస్తరు బిడ్డా? అమ్మా అను. అమ్మా అంటె అందరు తలుపు తీస్తరు."

ఆ తర్వాత "గౌరవనీయులైన" అని ఒక నాయకుడి పేరు, ఆయన చొరవ, ఆయన కృషి, చివరికి రేపటి నుంచి మంచినీళ్లు అని రాశాను.

"నీళ్లు ముంగటికి తే. గాయన ఎనుకకు అస్తడు. నీళ్లు అన్నంక జనం బిందెల కోసం ఉరుకుతరు, ఎనుక ఎవలి పేరున్నా ఇనరు. గది వాళ్ల ఇష్టం. మనం అబద్ధమైతె చెప్పలే."

నాకు రాయడం నేర్పింది ఎవరని అడిగితే కాన్వెంట్ పేరు చెబుతుంటాను. సగమే నిజం. ఏది ముందు రావాలో నేర్పింది పిట్టగోడ.

ఆ ఏడాదే స్కూలు అసెంబ్లీలో నాతో వార్తలు చదివించారు. ఐదు వార్తలు. రెండో వార్త దగ్గర నా గొంతు ఎక్కడికో వెళ్లిపోయింది. నోరు కదులుతోంది, చప్పుడు లేదు. సిస్టర్ వచ్చి నా చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుని మిగతాది తనే చదివింది. ఆ సాయంత్రం నేను మేడ ఎక్కలేదు. చాచా అమ్మను అడిగి తెలుసుకున్నట్టున్నాడు. కిందికే వచ్చాడు, వాకిట్లో నిలబడ్డాడు.

"గంతేనా? రాసుడు నీ పని, ఒర్లుడు నా పని. రెండు ఒక్కలే జేస్తె మల్ల ఇంకొకలు ఎందుకు?"

ఆ మాటను పట్టుకుని నేను చాలా ఏళ్లు హాయిగా దాక్కున్నాను. డిగ్రీలో అర్థశాస్త్రం తీసుకున్నాను, పీజీ కూడా అందులోనే చేశాను. చివరికి కోరుట్లలో ఒక కాలేజీ లైబ్రరీలో కుదురుకున్నాను. మెల్లగా మాట్లాడాలని గోడ మీద రాసిపెట్టిన చోటు అది ఒక్కటే.

పుస్తకాల్లో అర్థశాస్త్రం గీతలూ పట్టికలూ. నాకు ముందే అది వేరే దారిలో తెలుసు. నేను రాసిన కాగితాలు వరసగా పేర్చుకుంటే ఊరి బతుకు తెలిసేది. మొదట్లో పాత ఇత్తడికి కొత్త స్టీలు గిన్నెలు ఇస్తామనీ సినిమా మారిందనీ రాసేవాళ్లం. తర్వాత దుబాయి కంపెనీ ఇంటర్వ్యూలు ఫలానా లాడ్జిలో, పాస్‌పోర్టుతో రావాలని. ఆ కాగితం ఉన్న రోజు చాచా గొంతు వెనక కుర్రాళ్లు సైకిళ్ల మీద వచ్చేవారు. ఆ తర్వాత ఇంగ్లిష్ మీడియం స్కూళ్లు. ఆ తర్వాత మోకాళ్ల నొప్పుల ఉచిత శిబిరాలు, తాకట్టు బంగారం వేలాలు. కొడిమ్యాల దిక్కు ఊళ్లకు పోయి వడ్ల కొనుగోలు కేంద్రం తెరిచారని చెప్పి వచ్చిన రోజు మాత్రం చాచా సంతోషంగా ఉండేవాడు. "ఇయ్యాల నా మాట కోసమే ఎదురు సూసిండ్రు బిడ్డా. తగ్గింపు ధరలకు గట్ల సూడరు" అనేవాడు.

ఎన్నికలొస్తే చాచాకు అన్ని పార్టీలూ ఒకటే. పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఇంకొకరిది. ఆటో ఒకటే, ఫ్లెక్సీ మారుతుంది. ఒకసారి మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డులో ఒకాయనది గొడుగు గుర్తు, ఇంకొకాయనది కత్తెర. పొద్దున గొడుగుకు తిరిగి, ఇంటికొచ్చి చాచీ పెట్టిన పప్పన్నం తిని, కాసేపు కునుకు తీసి, కత్తెర ఫ్లెక్సీ కట్టుకుని మళ్లీ బయల్దేరాడు. కడుపు నిండింది, కళ్లు మూతపడుతున్నాయి, నోటికి పొద్దుటి మాటలే అలవాటై ఉన్నాయి. రెండు గల్లీలు కత్తెర బండి మీద కూర్చుని గొడుగుకే ఓటెయ్యమన్నాడు.

చాయ హోటల్ దగ్గర ఎవరో ఆపారు. "చాచా, కత్తెర కట్టుకొని గొడుగు అమ్ముతున్నవేంది?"

కత్తెర అభ్యర్థి తమ్ముడు బండి మీద ఉరికొచ్చాడు. "ఏందయ్యా, పరువు దీస్తివి గదా."

"తప్పైంది సారూ. రెండు గల్లీలే. మల్ల గవే గల్లీలల్ల తిరిగి, ఇందాక చెప్పింది మరిచిపోన్రి అని చెప్తా."

"వద్దు. మరిచిపొమ్మంటె ఇంకింత యాదికుంటది."

చాయ హోటలంతా నవ్వింది, చివరికి తమ్ముడూ నవ్వాడు. ఇంటికొచ్చి చాచా నాకు చెప్పినప్పుడు, నేను రాసిన రెండు కాగితాలూ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. గుర్తు తప్ప తక్కిన మాటలన్నీ ఒకటే. రోడ్లు, నల్లాలు, పింఛన్లు. వాళ్లిద్దరూ నాకు అవే చెప్పారు, నేను అవే రాశాను. చాచా నోటిది తప్పు అనుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కానీ అన్ని కాగితాలూ ఒకటి కాదు. తర్వాత వచ్చిన ఇంకో ఎన్నికల్లో ఒకతను రాసి తెచ్చిన కాగితం నేను గోడ దగ్గర చదువుతూ సగంలో ఆగిపోయాను. అవతలి అభ్యర్థి ఇంటి ఆడవాళ్ల మీద ఒక మాట ఉంది. చాచా కలం పక్కన పెట్టాడు.

"సాలు బిడ్డా. నువ్వు సదవకు."

ఆ మనిషి గేటు బయట బండి మీదే కూర్చుని ఉన్నాడు. చాచా కాగితం మడిచి తిరిగిచ్చాడు. నేను మేడ మీద నుంచి విన్నాను.

"గిదొద్దు సారూ. నీ గొప్ప చెప్పుకో, ఎంతనన్న చెప్త."

"ఎందుకు? నీకేంది నొప్పి? నువ్వు చెప్పకుంటే ఇంకొకడు చెప్తడు."

"చెప్పనీ. ఓట్లు అయిపోయినంక గా ఇంటి ముంగటనే నిలవడి నల్లా నీళ్ల సంగతి చెప్పాలె నేను. గా తల్లి బయటికొస్తది బిందె వట్టుకొని. గప్పుడు మొకం ఎట్ల సూపెట్టాలె?"

ఆ ఎన్నికలన్ని రోజులూ చాచా ఇంట్లోనే ఉన్నాడు. వేరే గొంతు మా గల్లీలో తిరిగింది. చాచా వాకిట్లో కూర్చుని చాచీకి చిక్కుడుకాయ ఈనెలు తీసి పెట్టాడు.

ఆయన గురించి తలచుకుంటే కలలాగా ముందు వచ్చేవి మాత్రం లాక్‌డౌన్ నాటి పొద్దుటిపూటలు. దుకాణాలు మూసి ఉన్నాయి. బస్‌స్టాండ్ దగ్గర కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి. అంత ఖాళీలో ఒక్క ఆటో, ఒక్క గొంతు. ఇంట్లోనే ఉండమని, మూతికి గుడ్డ కట్టుకోమని. ఆ కాగితం నేనే రాశాను. కానీ అందులో లేని మాట ఒకటి ఆయన కలిపాడు. "అమ్మా, మీ ఇంట్ల ముసలోళ్లకు మందులు గావాలంటె చీటీ రాసి ఇయ్యున్రి. నేను తెచ్చిస్త." ప్రతి గల్లీ చివర ఆటో ఆగేది. కిటికీల్లోంచి చీటీలు పట్టుకున్న చేతులు బయటికొచ్చేవి. తెలుగు చీటీలు ఇంటికి తెచ్చేవాడు. గోడకు రెండు వైపులా దూరంగా నిలబడి, నేను మందుల పేర్లు చదివితే ఆయన రాసుకునేవాడు. ఎవరికి బీపీ, ఎవరికి షుగర్, ఎవరికి నిద్ర పట్టదు. ఊరి గుట్టంతా కుడి నుంచి ఎడమకు రాసి ఉన్న ఆ పుస్తకాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు.

ఆ తిరుగుడు వల్లనో, వయసు వల్లనో, తర్వాత ఆయనకు దగ్గు పట్టుకుంది. వాక్యం మధ్యలో తెగేది. ఎండాకాలం మధ్యాహ్నం ఇంటికొచ్చి నీళ్ల కుండ పక్కనే నేల మీద పడుకునేవాడు.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ నాలుగు పేజీలు రాయడం నాకు తగదు.

చెత్త బండ్లు చూసుకునే కాంట్రాక్టు సూపర్‌వైజర్ ఒకరోజు వచ్చాడు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని రోజూ చెప్పాలి, అన్ని బండ్ల మీదా చెప్పాలి. చాచా ఒక్కసారి చెబితే రికార్డు చేసుకుని అన్నిటికీ పెడతామన్నాడు. చాచా నా వైపు చూశాడు. అప్పటికి నేను అర్థశాస్త్రం చదివిన దాన్ని, ఉద్యోగం చేస్తున్న దాన్ని.

"చెప్పు చాచా" అన్నాను. "ఒక్కసారే గదా. ఎండల తిరుగుడు తప్పుతది."

చాచీ కూడా అదే అంది. చాచా సరేనన్నాడు. మాటలు ఎప్పటిలాగే నేనే రాశాను.

ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం వెనక గదిలో రికార్డింగ్. తలుపు మూశారు, ఫ్యాన్ ఆపారు. చాచా మైకు ముందు కూర్చుని నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు.

"ఎవలికి చెప్పాలె?"

"ఎవలికైతె ఏందే, చెప్పు" అన్నాడు సూపర్‌వైజర్.

"గోడకు ఎట్ల చెప్తరు సారూ. గోడకు చెత్త ఉంటదా?"

అప్పుడు నన్ను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. చాచా నన్ను చూస్తూ చెప్పాడు. "అమ్మా, చెత్త బండి అచ్చింది. తడి చెత్త పచ్చ బుట్టల, పొడి చెత్త నీలం బుట్టల వెయ్యున్రి. మోరీల వెయ్యకున్రి. మోరీ నిండితె మల్ల మన ఇంట్లకే అస్తది." చివర, కాగితంలో లేకుండా, నా మొహంలోకి చూసి, "ఇన్నవా బిడ్డా?" అన్నాడు. సూపర్‌వైజర్ దాన్ని తీసేద్దామా అని ఆలోచించి, బాగానే ఉందిలే అని ఉంచేశాడు. ఒక కవరు చేతిలో పెట్టాడు. గట్టి కవరే. చాచీకి చెవుల కమ్మలు వచ్చాయి.

ఆ తర్వాత ఊరు ఆ ఉపాయం నేర్చుకుంది. బట్టల దుకాణం, స్కూలు, ఆసుపత్రి, పార్టీలు, అందరూ ఒక్కసారే చెప్పించుకున్నారు. కొందరు ఆయనతో, తర్వాత తర్వాత ఫోనులోనే ఏదో ఆడ గొంతుతో. పిట్టగోడ మీదికి కాగితాలు రావడం తగ్గింది. ఒక వర్షాకాలం మొత్తం ఒక్కటీ రాలేదు. ఆటో అతను హారన్లు విప్పేసి స్కూలు పిల్లల్ని తిప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఒక్కసారి చేసిన పని వెయ్యిసార్లు ఉపయోగపడటం గురించి నా పుస్తకాల్లో మంచి మాటలున్నాయి. ఆ మాటలు చదువుతున్నప్పుడు, పని చేసిన మనిషి తర్వాతి రోజు పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడని నాకు తోచలేదు. పరీక్షలో కూడా ఎవరూ అడగలేదు.

ఆయన ఎక్కడికీ వెళ్లలేదు. గడప మీద కూర్చునేవాడు. ఏడింటికి చెత్త బండి గల్లీ మలుపు తిరిగేది, తన గొంతే తనకు ఎదురొచ్చేది. తల వంచి శ్రద్ధగా వినేవాడు, వేరే పనివాడి పనితనం చూస్తున్నట్టు.

"మంచిగ చెప్తడు గాయన" అన్నాడు నాతో ఒకరోజు. "గాయనకు దగ్గు రాదు. ఆకలి గాదు. నిద్రల గొడుగు అని కత్తెర బండి మీద అనడు. గందుకే గాయన్నే పిలుస్తున్నరు."

నవ్వుతూనే అన్నాడు. నేను ఆ రోజు బస్సు తప్పిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. చివరికి, "నేను చెప్పమనకుండ ఉండాల్సింది చాచా" అన్నాను.

ఆయన కాదనలేదు. నా తప్పేం లేదని కూడా అనలేదు. అలా అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. వాకిటి ముందు మురుగు కాలువ వైపు చూస్తూ, "మంచిగ రాసినవ్ బిడ్డా" అన్నాడు. "మోరీ మాట మంచిగున్నది. జనం ఇంటున్నరు. మోరీ సాఫ్ ఉన్నది సూడు."

చూశాను. నిజంగానే శుభ్రంగా ఉంది.

బస్సు దిగి నేను ఇంటికొచ్చేసరికి గల్లీ నిండా చెప్పులు. మా ఊళ్లో ఎవరు పోయినా చెప్పేది ఆయనే కాబట్టి, ఆయన పోయిన సంగతి ఒకరింటి నుంచి ఒకరు నడిచి వెళ్లి చెప్పుకున్నారు. తలుపు దగ్గర నిలబడి ఆయన్ని తీసుకెళ్లడం చూశాను. ఆ రాత్రి అమ్మ, నేను చాచీ దగ్గరే కూర్చున్నాం. ఆమె నిద్రపోలేదు, ఏడవలేదు. ఆమె ఇప్పుడు ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు ఆడవాళ్లు ఇల్లు దాటకుండా ఉంటారు. పిల్లలు లేరు. సిరిసిల్ల నుంచి మరిది కుటుంబం వచ్చి పది రోజులుండి వెళ్లింది.

మొదటి రాత్రే నాకు భయం పట్టుకుంది. తెల్లారితే ఏడింటికి ఆ బండి వస్తుంది. ఇంట్లో ఈమె. బయట ఆ గొంతు. నేను అమ్మకు చెప్పాను. అమ్మ వెళ్లి బండి డ్రైవర్‌తో, "మా గల్లీల జర మైకు బందు వెట్టు బిడ్డా, ఆమెకు కష్టమైతది" అంది. అతను మంచివాడు. మర్నాటి నుంచి మా మలుపు దగ్గర గొంతు ఆగిపోయేది. బండి చప్పుడు లేకుండా వచ్చేది. మేమంతా చెప్పులు కూడా చప్పుడు కాకుండా బుట్టలు తెచ్చి వేసేవాళ్లం. ఎంత మంచి గల్లీ అనుకున్నాను. మమ్మల్ని చూసి నాకే కడుపు నిండింది.

మరిది వాళ్లు వెళ్లిపోయిన మర్నాడు చాచీ నన్ను పిలిచింది. మంచం మీద కూర్చుని ఉంది. కిటికీకి తెల్ల గుడ్డ వేలాడుతోంది.

"బిడ్డా, గా మైకు మన గల్లీల ఎందుకు పనిజేస్తలేదు?"

నేను కిటికీ గుడ్డ అంచు సర్దబోయాను.

"అవుతల గల్లీల ఇనవడ్తది. గీడికి రాంగనే బందైతది. మల్ల గా దిక్కు పోయినంక షురువైతది. నాకు చెవులు లేవనుకున్నరా?"

"నీకు కష్టమైతదని చాచీ. నేనే చెప్పించిన."

"నన్ను అడిగినవా?"

అడగలేదు. ఆయన్నీ అడగలేదు, ఎండ తప్పుతుందని నేనే అనుకున్నాను. ఈమెనూ అడగలేదు. రెండుసార్లూ మంచే అనుకున్నాను.

చాచీ కోప్పడలేదు. అలసిపోయినట్టు చెప్పింది. "గాయన ఇంట్ల ఎప్పుడున్నడు బిడ్డా? పొద్దున పోయేటోడు. నేను వంట జేసుకుంట గొంతు వట్టి సూసేదాన్ని, యాడికి పోయిండు, ఎప్పుడస్తడు అని. ఇప్పుడు నేను గడప దాటొద్దు. సరే. గాయన్ను ఎందుకు గల్లీ మూలకు నిలవెడ్తున్నరు?"

అమ్మ ఊళ్లో లేదు, పెద్దపల్లిలో మామయ్య ఇంటికి వెళ్లింది. వచ్చాక చెప్పిస్తానని అనబోయాను. చాచీ మొహం చూసి ఆ మాట అనలేకపోయాను.

మర్నాడు ఏడు కాకముందే గల్లీ మలుపు దగ్గర నిలబడ్డాను. మంచు పలచగా ఉంది. అవతలి గల్లీ నుంచి గొంతు దగ్గరికొచ్చింది, మలుపులో టక్కున ఆగింది. బండి నా ముందుకొచ్చింది.

"మైకు పెట్టున్రి అన్నా" అన్నాను.

ఇంజన్ చప్పుడు. అతను చెవి ముందుకు వంచాడు. "ఏందమ్మా?"

"మైకు. బందు వెట్టకున్రి."

"ఇనవడ్తలేదమ్మా, జర గట్టిగ చెప్పు."

మూడోసారి చెప్పినప్పుడు రెండిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. "చాచీ ఇంటదట. ఇయ్యాలటి సంది రోజు పెట్టాలె. మా గల్లీల గూడ పెట్టాలె." అతను నన్నొకసారి, ఆ ఇంటి కిటికీని ఒకసారి చూశాడు. మీట నొక్కాడు.

నేను బండి కంటే ముందు నడిచి, లోపలికి వెళ్లి చాచీ పక్కన మంచం మీద కూర్చున్నాను. గొంతు గల్లీలోకి వచ్చింది. అమ్మా, అంది. తడి చెత్త, పొడి చెత్త, మోరీ. కిటికీ గుడ్డ అవతల బండి నీడ మెల్లగా జరిగింది. ఇన్నవా బిడ్డా, అంది. నేను కిందికి చూస్తూ కూర్చున్నాను.

చాచీ కళ్లు మూసుకుంది. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"పాలోళ్ల ఇల్లు దాటిండు" అంది.

కాసేపాగి, "పీర్ల కొట్టం మూలకు మలిగిండు."

గొంతులో మాటలు విడిపోయి, వట్టి శబ్దంగా మిగిలింది.

"ఇగ టవర్ దిక్కు పోతున్నడు. గాడ మంది ఎక్కువ."

పొయ్యి మీద చాయ పొంగిపోయింది. ఇద్దరం లేవలేదు. కిటికీ గుడ్డ మీద ఎండ పడింది. నాకు ఆ గొంతు వినిపించడం ఎప్పుడో ఆగిపోయింది. చాచీ చెయ్యి ఇంకా అలాగే ఎత్తి ఉంది.